చవక కత్తి, గురువుగారి చాపలు

శనివారం పొద్దున్న తొకిహారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మిసో చారు తాగడం, పెరట్లో కాసిని చాపచుట్టలు నరకడం, కత్తి మంచిదో కాదో తేల్చుకోవడం, మధ్యాహ్నంలోగా దుకాణానికి ఫోన్ చేసి మాట చెప్పడం. ఇంత చిన్న పథకాన్ని కూడా పాడుచేసుకోవాలంటే మనిషికి కొంత ప్రతిభ కావాలి. తొకిహారుకి అది పుష్కలంగా ఉంది.

మొదటి అడ్డంకి స్నానాల గదిలోంచి వచ్చింది.

"ఏమండీ! తొట్టిలో ఈ శవాలేంటి?" అని కేకేసింది అతని భార్య మినెకో.

"శవాలు కాదే, చాపలు. రాత్రంతా నానాలి. నానితేనే కత్తికి మనిషి ఒళ్లు తగిలినట్టు తగుల్తుంది."

"అయితే శవాలే. నీళ్లు చూశారా, చెడిపోయిన టీ లాగా ఉన్నాయి! నిన్న సాయంత్రం స్నానానికి నేను హినాగు వేడినీటి బుగ్గల దాకా పోవాల్సొచ్చింది. అక్కడ అందరూ 'మీ తొట్టి పాడైందా?' అని ఒకటే అడగడం. 'లేదండీ, మా ఆయన అందులో గడ్డి నానేశారు' అన్నాను. ఆ తరవాత నాతో ఎవ్వరూ మాట్లాడలేదు."

తొకిహారు తల వంచుకుని ముల్లంగి ఊరగాయ కొరికాడు. ఇవాళ భార్యతో పేచీ పెట్టుకునే స్థితిలో లేడతను. యత్సుషిరోలో చాపగడ్డి రైతుల సంఘం ఆఫీసులో అతని ఉద్యోగం. సాయంత్రాలు ఇవాకురా గురువుగారి సాధనశాలలో, అదే దోజోలో, కత్తిసాధన. ఏళ్ల తరబడి పదును లేని సాధన కత్తితో గాలిని నరుకుతున్నాడు. గాలి ఏనాడూ అతని తప్పు ఎత్తిచూపలేదు. అందువల్ల తనకి కత్తి విద్య బాగానే పట్టుబడిందని అతనికి గట్టి నమ్మకం. రేపు ఆదివారం హచిమన్ గుడి ముందు ప్రదర్శన. "నీకంటూ అసలు కత్తి ఉంటే, నువ్వు కూడా ఒక చాప కొయ్యవయ్యా" అన్నారు గురువుగారు పోయిన వారం. ఊరందరి ముందూ, ఒక్కసారి, గాలిని కాకుండా ఒక వస్తువుని నరకడం! ఆ మాట విన్నప్పటినుంచి తొకిహారుకి అన్నం సహించడం లేదు.

పేరున్న కమ్మరి చేసిన కత్తి కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. వెతగ్గా వెతగ్గా పాత సామాన్ల దుకాణంలో ఒకటి దొరికింది. పాతదే, కానీ చేసినవాడి పేరు చెక్కి లేదు, మెరుగు మాసిపోయింది, పిడికి చుట్టిన దారం వెలిసిపోయింది. అందుకని అందుబాటు ధరలో ఉంది. దుకాణంవాడు గడుసు ముసలాడు. "తీసుకెళ్లి నరికి చూసుకో. వంగినా విరిగినా కత్తి నీది. ఏమీ కాకపోతే, కావాలో వద్దో శనివారం మధ్యాహ్నంలోగా చెప్పు. ఆ తరవాత ఇంకొకాయన చూట్టానికి వస్తున్నాడు" అన్నాడు.

మినెకో షరతు ఇంకా సూటిగా ఉంది.

"తెగితే ఉంచుకోండి. తెగకపోతే వెనక్కి ఇచ్చెయ్యండి. ఇచ్చాక మళ్లీ ఈ ఇంట్లో కత్తి అన్న మాట వినిపిస్తే, కూరగాయలు కూడా మీరే తరుక్కోవాలి."

అదీ సంగతి. చాప తెగితే కత్తీ ఉంటుంది, రేపటి ప్రదర్శనా ఉంటుంది. తెగకపోతే రెండూ పోతాయి.

పెరట్లో తొకిహారు కొయ్యపీట మీద మేకు నిలబెట్టి, నీళ్లు కారుతున్న చాపచుట్టని దానికి గుచ్చాడు. కత్తి ఒరలోంచి తీసి, పుస్తకాల్లో చెప్పినట్టే పరీక్ష చేశాడు. పిడి ఊపి చూశాడు, చప్పుడు లేదు. పిడిని పట్టి ఉంచే వెదురు చీలని నొక్కాడు, బిగువుగానే ఉంది. ఒక కన్ను మూసి కత్తి వీపు పొడవునా చూశాడు, తిన్నగా ఉంది. ఇంతవరకూ కత్తి అన్నిట్లోనూ నెగ్గింది. ఇక నరకడమే మిగిలింది.

వసారాలో మినెకో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ న్యాయమూర్తిలా కూర్చుంది.

తొకిహారు ఊపిరి బిగించి, కత్తి ఎత్తి, భుజం మీదుగా ఏటవాలుగా దించాడు. కత్తి చాపలో సగం దాకా పోయి అక్కడే స్థిరపడింది.

"తెగిందా?" అంది మినెకో.

"తెగుతోంది."

"తెగుతోందంటే?"

"మధ్యలో మాట్లాడించకే, ఏకాగ్రత పోతుంది!"

చాప మీద కాలు పెట్టి కత్తిని ఊడలాగడానికి అతనికి చాలాసేపే పట్టింది. చాప మరీ నానింది, అదీ కారణం అన్నాడు. రెండో చుట్ట పెట్టి, ఈసారి బలం కొద్దీ కొట్టాడు. చాప తెగలేదు గానీ పీటతో సహా లేచి, మినెకో వేసుకున్న ఉల్లికాడల మడిలో పడింది. పీట తేలికైపోయింది, అదీ కారణం అన్నాడు. మూడో చుట్ట గుచ్చి, పీట కదలకుండా రాయి పెట్టి కొట్టాడు. ఈసారి ముక్క ఊడిందన్న మాట నిజమే. కుక్క కొరికి లాగినట్టు ఊడింది. ఊడినచోట చాప లోపలి మడతలు లేతాకుపచ్చగా మెరిశాయి. ఆహా, ఎంత మంచి గడ్డి, అనుకున్నాడు తొకిహారు. ఆ ఆలోచన పట్టుకుని ఇంకొక్క అడుగు ముందుకు వేసుంటే ఈ గొడవ అక్కడితో ఆగిపోయేది. వెయ్యలేదు.

అతనికి కొత్త భయం పట్టుకుంది. కత్తి వంగిందేమో! మళ్లీ ఒక కన్ను మూసి చూశాడు. వంగినట్టే ఉంది. రెండో కన్ను మూసి చూశాడు. అటువైపు వంగినట్టుంది. మినెకో కుట్టుపెట్టెలోంచి కొలబద్ద తెచ్చి పక్కన పెట్టి చూశాడు. ఈసారి కొలబద్ద వంగినట్టు కనిపించింది.

"వంగితే కత్తి మనదేగా?" అంది మినెకో.

"మనదే. కానీ వంగిన కత్తి దేనికి పనికొస్తుంది?"

"వంగకపోతే?"

"వంగకపోతే మంచి కత్తి. కానీ తెగలేదుగా, నువ్వు వెనక్కి ఇచ్చెయ్యమంటావు."

"మరి నేనిప్పుడు దేవుడికి ఏమని దణ్ణం పెట్టుకోవాలి? వంగాలనా, వద్దనా?"

తొకిహారు లెక్క వేసుకున్నాడు. కత్తి చెడ్డదంటే వెనక్కి పోతుంది. కత్తి మంచిదే అంటే తప్పు తన చేతిదని ఒప్పుకోవాలి. ఈ రెండూ తప్ప మూడోది ఏదైనా ఉంటే బాగుండునని గురువుగారికి ఫోన్ చేశాడు.

"కత్తిలో ఏదో లోపం ఉన్నట్టుంది గురువుగారూ."

"కత్తికి వంకలు పెట్టే ముందు నన్ను చూడనియ్యి. వస్తున్నా. ఈలోగా దేన్నీ ముట్టుకోకు" అని ఫోన్ పెట్టేశారాయన.

గురువుగారి కంటే ముందు షిగెతా వచ్చాడు. తతామి చాపలు కుట్టే కొట్టు అతనిది. తొకిహారు, అతనూ ఒకే బళ్లో చదువుకున్నారు. నేలకి పరిచే గడ్డి దిమ్మల మీద కుట్టిన చాపలు పాతబడితే ఊళ్లో అందరూ పై చాప విప్పించి కొత్తది వేయించుకుంటారు. పనికిరాని ఆ పాత చాపలే దోజోవాళ్లు తెచ్చుకుని, చుట్టి, నానబెట్టి నరుకుతారు. షిగెతా వాటిని కొట్టు పక్కన చూరు కింద పెట్టి ఉంచుతాడు, ఎవరికి కావాలంటే వాళ్లు అడక్కుండా తీసుకెళ్లచ్చు. అలాంటి షిగెతా ఇప్పుడు బండి ఆపీ ఆపకముందే దూకి వచ్చాడు.

"ఒరేయ్ తొకీ, నిన్న చూరు కింద చుట్టలు తీసుకెళ్లింది నువ్వేనా?"

"నేనే. కొట్లో నువ్వు లేవు. పారేసేవేగా?"

షిగెతా చూపు ఉల్లికాడల మడి మీద పడింది. తరవాత పీట మీద పడింది. తరవాత అతను మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు.

"పారేసేవి కాదురా, తిరగెయ్యాల్సినవి! ఆరతాయని అక్కడ పెట్టాను. ఒక్క చుట్టన్నా విప్పి చూడవేంరా?"

యత్సుషిరోలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు ఇది. పై చాప ఒకవైపు తొక్కి తొక్కి గోధుమరంగుకి వచ్చేస్తుంది. కానీ ఎండ చూడని రెండోవైపు ఇంకా పచ్చగానే ఉంటుంది. కుట్లు విప్పి, తిరగేసి కుడితే గది మళ్లీ కొత్తది. పనికిరాని చాప లోపలా బయటా ఒకే రంగులో ఉంటుంది, తిరగెయ్యాల్సినదాని కడుపులో పచ్చదనం ఉంటుంది. చుట్ట అంచు వేలితో ఎత్తి చూస్తే చాలు. చాపగడ్డి రైతుల సంఘంలో ఉద్యోగం చేస్తూ, ఆ వేలు ఎత్తనివాడు తొకిహారు ఒక్కడే.

"ఎవరింటివిరా?" అన్నాడు తొకిహారు.

"ఎవరివైతే బాగుండదో వాళ్లవే. మీ గురువుగారి ముందుగదివి. రేపు ప్రదర్శన అయ్యాక కుమామోతో నుంచి వచ్చే పెద్దలందరికీ ఆ గదిలోనే భోజనాలు. సాయంత్రానికి తిరగేసి కుట్టేస్తానని ఆయన భార్య సదాయె గారికి మాటిచ్చాను."

"అన్నీ పోలేదురా. తొట్టిలో ఇంకా ఉన్నాయి."

"ఉంటే? సగం గదికి చాపలేసి, మిగతా సగంలో పెద్దల్ని గాల్లో కూర్చోబెడతారా?"

గురువుగారి గది చాపలు, గురువుగారి ప్రదర్శనకి ముందు రోజు, గురువుగారికి చూపించుకోవాల్సిన కత్తితో! ఇక రేపు గుడి ముందుకి కత్తితో కాదు కదా, ఉత్తి చేతుల్తో కూడా రానివ్వరు.

"ఆయన రాగానే మోకాళ్ల మీద పడి నిజం చెప్పెయ్యండి" అంది మినెకో. "ఇంకేం ఆలోచించకండి. మీరు ఆలోచించిన ప్రతిసారీ ఏదో ఒకటి పాడవుతోంది."

వీధిలో సైకిల్ గంట మోగింది. షిగెతా చటుక్కున లేచాడు.

"నేను పోయి సదాయె గారికి చెప్పేస్తా. ఆవిడకి నా నోటి ద్వారా తెలిస్తే కొట్టు మిగుల్తుంది" అంటూ కంచె సందులోంచి జారుకుని బండి ఎక్కాడు.

ఇవాకురా గురువుగారు పొట్టిగా, ఎండుచేపలా ఉంటారు. సైకిల్ దిగి పెరట్లోకి వచ్చేసరికి, శిష్యుడు నేల మీద మోకరిల్లి నుదురు మట్టికి ఆనించి ఉన్నాడు.

"గురువుగారూ, క్షమించండి. ఈ చాపలు..."

"ఆపు!" అన్నారాయన, తెగీ తెగని ముక్కల్ని చూసి. "ఇంత ఘోరంగా కోసి, నింద చాపల మీద వేస్తావా? నా దోజోలో చాప మాట ఎత్తడం ఎప్పుడన్నా విన్నావా?"

"అది కాదు గురువుగారూ, ఈ చాపలు అసలు..."

"మళ్లీ చాపలే! కత్తి ఇటియ్యి."

ఆయన కోటు విప్పి మినెకోకి ఇచ్చి, కత్తి అందుకున్నారు. వీపు పొడవునా ఒకసారి చూశారు. "తిన్నగా ఉంది" అన్నారు. ఉల్లికాడల మడిలోంచి రెండో చుట్ట తెప్పించి పీట మీద పెట్టించారు. చెయ్యి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో తెలియలేదు. చుట్ట పైముక్క ఒక క్షణం అక్కడే ఉండి, అప్పుడు గుర్తొచ్చినట్టు జారిపడింది.

గురువుగారి ముఖంలో వెలుగొచ్చింది. "ఓహో!" అన్నారు. "పేరు లేని కత్తి అంటే ఏమో అనుకున్నాను. ఇంకోటి పెట్టు."

"ఇక వద్దు గురువుగారూ, ఇవి మామూలు చాపలు కావు..."

"చాపలన్నీ మామూలువే. నీ చెయ్యే మరీ మామూలుగా ఉంది. పెట్టు!"

మినెకో ధైర్యం చేసింది. "గురువుగారూ, ఆయన చెప్పేది ఒక్కసారి వినండి. అవి మీ..."

"మీవారిని మీరు వెనకేసుకొస్తున్నారు, అది భార్యగా మీ ధర్మం. కానీ శిష్యుడు చెడిపోతాడు మినెకో గారూ. తొకిహారూ, ఇంకా నానేసే ఉంటావు, అన్నీ పట్రా."

అన్నీ పట్టుకొచ్చాడు తొకిహారు. ఇంకేం చేస్తాడు? గురువు ఆజ్ఞ. పైగా నోరు తెరిచిన ప్రతిసారీ తిట్టు పడుతోంది. గురువుగారు కుడినుంచి కోశారు, ఎడమనుంచి కోశారు, కిందనుంచి పైకి కోశారు, ఒకే చుట్టని దోసకాయలా ముక్కలు ముక్కలుగా కోశారు. ఇంత సరదా పడి ఆయనకి చాలా కాలమైనట్టుంది. పీట ఖాళీ అయ్యేసరికి ముఖం ఎర్రబడి, పెళ్లికొడుకులా నవ్వుతున్నారు.

"చవక కత్తేమిటి, బంగారం! తొకిహారూ, దీన్ని వదులుకున్నావో నిన్ను నేను వదులుకుంటాను" అంటూ, తెగిన అంచు ఎంత నున్నగా ఉందో చూపించడానికి ఒక ముక్క ఎత్తారు. చుట్ట విడిపోయి ముక్క చేతిలో తెరుచుకుంది. మీద సోయా రసం మరక ఉంది, చెప్పుకాలి ముద్రంత.

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్లు మాత్రం మారాయి.

"ఈ మరక నాకు తెలుసు" అన్నారు చివరికి. "కొత్త సంవత్సరం నాడు నా చేతిలోంచే ఒలికింది. మా ఆవిడ చూడకుండా బల్ల జరిపి కప్పేశాను."

"అదే గురువుగారూ, ఇందాకట్నుంచి నేను..."

"ఇందాకే ఎందుకు చెప్పలేదయ్యా!"

తొకిహారు మినెకో వైపు చూశాడు. మినెకో చిక్కుడుకాయల వైపు చూసింది. ఆ క్షణంలో మొగుడి మీద ఆమెకి నిజంగా జాలేసింది.

"ఆవిడకి తెలుసా?" అన్నారు గురువుగారు, గొంతు తగ్గించి.

"షిగెతా చెప్పడానికి వెళ్లాడండీ."

గురువుగారు కత్తిని గబగబా తుడిచి, తొకిహారు చేతిలో పెట్టారు. కోటు వెనక్కి తీసుకుని తొడుక్కున్నారు. "గుర్తుంచుకో, నేను ఇప్పుడే వచ్చాను" అన్నారు. అంతలోనే గురువుగారి భార్యని ఎక్కించుకుని షిగెతా బండి వీధిలో ఆగింది.

సదాయె గారు తెల్లజుట్టు నున్నగా దువ్వుకున్న నెమ్మదైన మనిషి. గొంతు పెంచడం ఎవరూ వినలేదు. అందుకే అందరికీ భయం. ఆవిడ పెరడంతా కలయజూసి, వంగి రెండు ముక్కలు ఎత్తారు. ఒకటి పీకినట్టుంది. ఇంకొకటి అద్దంలా నున్నగా ఉంది.

"నేనే కోశానండీ, అన్నీ నేనే!" అన్నాడు తొకిహారు. గురువు పరువు కాపాడటం శిష్యుడి విధి.

"ఇది మీరు కోసిందే" అన్నారావిడ, పీకిన ముక్క చూపించి. "ఈ నున్నటిది మాత్రం కాదు. పెళ్లైనప్పటినుంచి చూస్తున్నాను, ఈ చెయ్యి ఎవరిదో నాకు తెలియదా? నున్నటివే ఎక్కువ ఉన్నాయి."

గురువుగారు కోటు గుండీలు పెట్టుకోవడంలో లీనమైపోయారు.

సదాయె గారు ముక్కలు కింద పెట్టి, తొకిహారు ముందుకి వచ్చి, నడుము దాకా వంగి నమస్కారం చేశారు. తొకిహారు కంగారుగా ఇంకా కిందకి వంగాడు.

"మీ మేలు మర్చిపోలేను తొకిహారు గారూ. ముందుగదికి కొత్త చాపలు వేయిద్దామని అడిగినప్పుడల్లా, ఈయన 'ఇంకో వైపు ఉందిగా' అంటారు. ఇంకో వైపు కూడా అయిపోతే 'ఈ ఏడాదికి సర్దుకుందాం' అంటారు. చాపగడ్డి పండే ఊళ్లో పుట్టి, కొత్త చాప వాసన కోసం పక్కింటికి పోయి కూర్చుంటున్నాను! ఇవాళ చూడండి, ఇటు వైపూ లేదు, అటు వైపూ లేదు." ఆవిడ షిగెతా వైపు తిరిగారు. "షిగెతా గారూ, కొట్లో కొత్తవి ఉన్నాయా?"

"గది మొత్తానికీ ఉన్నాయండీ. సాయంత్రానికి వేసేస్తాను."

"అన్నిటికంటే మంచి రకం."

"ఏమోయ్, మరీ అంత మంచి రకం..." అని మొదలెట్టారు గురువుగారు.

"కోసింది ఎవరు?" అన్నారు సదాయె గారు నెమ్మదిగా. గురువుగారు మళ్లీ గుండీలు పెట్టుకున్నారు.

తొకిహారు సందు చూసుకుని, మనసులో మాట అడిగేశాడు. "మరి రేపు నన్ను కొయ్యనిస్తారా గురువుగారూ?"

గురువుగారికి కోపం తీర్చుకోవడానికి ఇప్పటికి ఒక మనిషి దొరికాడు. "ఈ చేత్తోనా? గుడి ముందు? కత్తి నెగ్గింది, నువ్వు తప్పావు! సాయంత్రం దాకా కూర్చుని చాపలు కోస్తూ పో. చెయ్యి కుదిరిందని నాకు అనిపిస్తే అప్పుడు చూద్దాం."

"కొయ్యడానికి చాపలు లేవండీ" అన్నాడు తొకిహారు దీనంగా.

ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. మినెకో చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, లోపలికి వెళ్లింది. ముందుగదిలో బీరువా జరుపుతున్న చప్పుడు వినిపించింది. తరవాత ఫోన్‌లో మాటలు వినిపించాయి. "దుకాణమేనాండీ? ఆ కత్తి మాకే కావాలి. అవును, తెగుతుంది. బ్రహ్మాండంగా తెగుతుంది. ఇంకొకాయన్ని రావద్దని చెప్పండి." ఆ తరవాత ఆమె వసారాలోకి వచ్చి నిలబడింది. అచ్చం సదాయె గారిలాగే నెమ్మదిగా ఉంది.

"షిగెతా గారూ, మీ పనిముట్లు బండిలో ఉన్నాయా?"

"ఉన్నాయి. ఎందుకండీ?"

"మా ముందుగది చాపలు కూడా విప్పెయ్యండి, కొత్తవి తరవాత వేద్దురు గాని. ఆయన సాధన చేసుకోవాలి."

"అవి ఇంకా బాగానే ఉన్నాయి కదే! తిరగేస్తే..." అన్నాడు తొకిహారు.

"మీకు రేపు కొయ్యాలని ఉందా, లేదా?"

ఉంది. చాలా ఉంది. అందుకని సాయంత్రం దాకా తొకిహారు తన ముందుగదిని తనే ముక్కలు ముక్కలుగా నరికాడు. పూర్తిగా నాననివ్వలేదు కాబట్టి అవి గట్టిగా ఉన్నాయి. అయినా ఆఖరి చుట్ట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కాస్త కుదిరింది, చూడొచ్చిన గురువుగారు సరేనన్నారు. మర్నాడు గుడి ముందు మొదటి వేటు సగంలో ఆగింది. రెండో వేటుకి చాప పూర్తిగా తెగి కింద పడింది. తొకిహారు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగవాళ్లు మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు మాత్రం మినెకో చుట్టూ, సదాయె గారి చుట్టూ చేరి గుసగుసలాడుకుంటూ, మధ్యమధ్యలో ఆ కత్తి వైపు చాలా శ్రద్ధగా చూశారు.

మరుసటి నెల ఇవాకురా గురువుగారి దోజోలో కొత్తగా చేరిన మొగవాళ్లందరినీ వాళ్ల భార్యలే వెంటబెట్టుకొచ్చి చేర్పించారు.